ఎవరి పేజీ వాళ్ళదే

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా చిన్నమ్మ కూతురు గుండ్లపోచంపల్లిలో మా ఇంటికొచ్చింది. బీటెక్ ఫైనలియర్. లాప్‌టాప్ బ్యాగు సోఫా మీద పడేసి, చెప్పులు కూడా సరిగ్గా విడవకుండానే, "అన్నా, మళ్ళ పోయింది" అంది.

క్యాంపస్ ఇంటర్వ్యూ సంగతి. ఇది మూడోది.

"ఊప్స్ అడిగిన్రా?"

"అడిగిన్రు. నాలుగు పిల్లర్లు చెప్పిన. ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం. డెఫినిషన్లు మంచిగనే చెప్పిన."

"మరేమైంది?"

"మీ ఇంటి దగ్గర ఏదన్న ఒక షాపు తీసుకో, దానికి క్లాసులు రాయి అన్నడు. నాకు డాగ్, క్యాట్ తప్ప ఏం గుర్తుకు రాలే."

నాకు నవ్వొచ్చింది, వెంటనే బాధేసింది. ఎందుకంటే తన పెదనాన్న, అంటే మా నాన్న, ఇరవై ఏళ్ళుగా నడిపేది కిరాణా షాపే. చిన్నప్పుడు సెలవుల్లో తను ఆ కౌంటర్ వెనకాలే కూర్చుని బిస్కెట్లు తినేది. అయినా 'షాపు' అనగానే కళ్ళ ముందుకు కుక్కా పిల్లీ వచ్చాయి. తప్పు తనది కాదు. మన పుస్తకాల్లో యానిమల్ అనే క్లాసుంటుంది, దాని నుంచి డాగ్ వస్తుంది, అది 'భౌ' అని ప్రింట్ చేస్తుంది. పరీక్షకు అది చాలు. కానీ మొరిగే కుక్కను ప్రోగ్రాం రాసి మొరిగించాలని మనలో ఎవరికీ అవసరం పడదు. అవసరం లేనిది చేతికి అంటదు.

అందుకే ఈ వారం కాలమ్‌లో థియరీ లేదు. ఆ రోజు సాయంత్రం నుంచి ఈ వారమంతా నేనూ, చెల్లీ కూర్చుని చేసిన ఆరు ఎక్సర్‌సైజులు ఇస్తున్నాను. అన్నీ మా ఊళ్ళోంచే తీసుకున్నవి. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. లాప్‌టాప్ లేదా? ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 యాప్ వేసుకుంటే చాలు. బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ అయినా సరే. నేను నేర్చుకున్న రోజుల్లో సగం కోడ్ ఫోన్ మీద, కాలేజీ బస్సులోనే రాశాను.

ముందు ఒక చిన్న కథ. అది చెప్పకపోతే రెండో ఎక్సర్‌సైజు ఎందుకు పెట్టానో మీకు అర్థం కాదు.

నేను థర్డియర్‌లో ఉన్నప్పుడు మా ఊరు వేగంగా మారుతుండేది. కొంపల్లి వైపు నుంచి అపార్ట్‌మెంట్లు వచ్చేస్తున్నాయి, 2018లో ఊరు మున్సిపాలిటీ కూడా అయింది. షాపుకు కొత్త మొహాలు పెరిగాయి. నాన్న మాత్రం అదే పొడుగాటి ఖాతా పుస్తకం. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. నేను పైథాన్ కొత్తగా నేర్చుకుని, ఉత్సాహం ఆపుకోలేక, ఖాతా ప్రోగ్రాం రాశాను. మొదట ఒక్క అంకెతో రాశాను: మనిషి పేరు, బాకీ ఎంత. బాగా పనిచేసింది. తర్వాత 'ఏ రోజు ఏం తీసుకున్నారో కూడా రాద్దాం' అని బాకీ అంకె తీసేసి సరుకుల లిస్టు పెట్టాను. ఒక్కరి పేరు మీదే టెస్ట్ చేశాను. సరిగ్గానే వచ్చింది. మర్నాడు పొద్దున్నుంచి షాపులో వాడేశాను.

సాయంత్రం నాన్న సరుకు తేవడానికి మేడ్చల్ వెళ్ళాడు. కౌంటర్‌లో నేనే. వెనక వీధి అక్క బాకీ కట్టడానికొచ్చింది. ఫోన్ చూసి "2,185 అక్కా" అన్నాను.

"రెండు పాల పాకెట్లు, ఒక ట్రే గుడ్లు, నూనె. గంతెట్లయితది తమ్మీ?"

షాపులో ఇంకో నలుగురున్నారు. అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ చెవిలో మోగుతుంటుంది: "కంప్యూటర్ తప్పు చెయ్యదక్కా."

ఆమె ఇంకేం మాట్లాడలేదు. పర్సులోంచి తీసి 2,185 లెక్కపెట్టి కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయింది. రాత్రి నాన్న వచ్చి పుస్తకం తెరిచాడు. నా మీద నమ్మకం లేక కాదు, అలవాటు కొద్దీ అన్నీ అందులోనూ రాసుకున్నాడు. ఆమె పేజీలో ఉన్నది 410. మిగతా 1,775 రూపాయలు ఆ రోజు ఖాతా రాయించుకున్న మిగతా అందరివీ. నా ప్రోగ్రాంలో అందరి సరుకులూ ఒకే లిస్టులోకి పోయాయి. ఎవరి పేరు నొక్కినా షాపు మొత్తం బాకీ చూపిస్తోంది.

నాన్న నన్ను తిట్టలేదు. ఆ రాత్రే 1,775 రూపాయలు జేబులో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి ఇచ్చొచ్చాడు. డబ్బు తీసుకుంది. కానీ తర్వాత మా షాపుకు రావడం మానేసింది. ఇప్పటికీ రైల్వే స్టేషన్ దగ్గర కనిపిస్తే "బాగున్నవా తమ్మీ" అంటుంది. ఖాతా మాత్రం మళ్ళీ తెరవలేదు.

ఇదంతా చెల్లికి చెప్పాను. "ఇప్పుడు రాద్దాం పద" అని మొదలుపెట్టాం.

1. ఖాళీ పేజీ, నిండిన పేజీ

నాన్న కొత్త పుస్తకం కొన్నప్పుడు ముందు చేసే పని గీతలు గీయడం. పైన పేరుకు చోటు, ఎడమ పక్క తారీఖు, మధ్యలో సరుకు, కుడి పక్క మొత్తం. ఆ గీతలు గీసిన ఖాళీ పేజీ క్లాస్. దాని మీద ఒకరి పేరు రాసిన క్షణం అది ఆబ్జెక్ట్. గీతలు ఒకటే, పేజీలు ఎన్నో.

ఎక్సర్‌సైజు: 'ఖాతా' అనే క్లాస్ రాయండి. దానికి పేరు, బాకీ ఉండాలి. 'అప్పు_రాయి', 'జమ' అని రెండు మెథడ్స్. ఇద్దరికి రెండు ఖాతాలు తెరవండి. ఒకరికి 120 అప్పు రాసి, రెండోవాళ్ళ బాకీ ప్రింట్ చేయండి. సున్నా రావాలి.

ఇక్కడ చాలామందికి మింగుడుపడనిది సెల్ఫ్. ప్రతి మెథడ్‌లో మొదట అదెందుకు రాయాలో ఎవరూ చెప్పరు, రాయమంటారు రాస్తాం. నేను చెల్లితో ఒక పని చేయించాను. పైథాన్‌లో సెల్ఫ్ కీవర్డ్ కాదు, అది అలవాటుగా అందరూ వాడే పేరు మాత్రమే. పైథాన్ 3లో పేర్లు తెలుగు లిపిలోనూ పెట్టుకోవచ్చు. కాబట్టి మొదటి రోజు సెల్ఫ్ బదులు 'తన' అని రాయించాను. అప్పుడు లైను ఇలా వస్తుంది:

తన.బాకీ = తన.బాకీ + మొత్తం

చదివితే మన మాటే. ఎవరి బాకీ? తన బాకీ. ఎవరు పిలిస్తే వాళ్ళు 'తన' అవుతారు. అక్క ఖాతా పిలిస్తే 'తన' అంటే అక్క, తాత ఖాతా పిలిస్తే 'తన' అంటే తాత. చెల్లి ఒక నిమిషం స్క్రీన్ వైపు చూసి, "నాలుగేండ్ల సంది ఇదా అన్నా నాకు అర్థం కానిది?" అంది.

రెండు జాగ్రత్తలు. క్లాస్, డెఫ్, రిటర్న్ లాంటి కీవర్డ్‌లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. తెలుగు కీబోర్డ్‌లు కొన్ని పదాల మధ్య కంటికి కనపడని ఒక అక్షరాన్ని చొప్పిస్తాయి, పేరులో అది ఉంటే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. పొట్టి పేర్లు పెట్టుకోండి. అర్థమయ్యాక రెండో రోజు నుంచి మామూలుగా సెల్ఫ్‌కు వచ్చేయండి. ఆఫీసులో 'తన' అని రాస్తే పక్కవాడు చదవలేడు.

2. నా తప్పు మీరు కావాలని చేయండి

నా 1,775 రూపాయల బగ్ ఇదే. కావాలని తప్పుగా రాసి, కళ్ళారా చూడండి.

క్లాస్ లైను కిందే, ఇనిట్ మెథడ్ బయట, 'సరుకులు' అని ఖాళీ లిస్టు పెట్టండి. తర్వాత మెథడ్‌లో తన.సరుకులు అనే లిస్టుకు అపెండ్ చేయండి. మూడు ఖాతాలు తెరిచి ఒకరికి 120, ఒకరికి 340, ఒకరికి 85 రాయండి. ముగ్గురి మొత్తాలూ ప్రింట్ చేయండి. ముగ్గురికీ 545 వస్తుంది.

ఎందుకు? క్లాస్ కింద పెట్టిన లిస్టు గీతలు గీసిన ఖాళీ పేజీకి చెందింది, మనుషుల పేజీలకు కాదు. అది ఒక్కటే ఉంటుంది, అందరూ దాంట్లోనే రాస్తున్నారు. మరి ముందు రోజు అంకెతో రాసినప్పుడు ఎందుకు పనిచేసింది? తన.బాకీకి కొత్త విలువ ఇచ్చిన క్షణం పైథాన్ ఆ మనిషికంటూ విడిగా ఒక బాకీ సృష్టిస్తుంది. లిస్టుకు అపెండ్ చేసినప్పుడు కొత్తది సృష్టించదు, ఉన్నదాన్నే మారుస్తుంది. అంకె దగ్గర దాక్కున్న తప్పు లిస్టు దగ్గర బయటపడింది. ఒక్కరితోనే టెస్ట్ చేసినందుకు నాకు కనపడలేదు.

మందు చిన్నదే. ఆ ఖాళీ లిస్టును ఇనిట్ లోపలికి తెచ్చి తన.సరుకులు అని పెట్టండి. అప్పుడు ఖాతా తెరిచిన ప్రతిసారీ కొత్త లిస్టు పుడుతుంది. ఇప్పుడు 120, 340, 85 వేరువేరుగా రావాలి.

ఇదే బగ్ ఇంకో వేషంలోనూ వస్తుంది. ఇనిట్ బ్రాకెట్లలో 'సరుకులు'కు డిఫాల్ట్ విలువగా ఖాళీ లిస్టు ఇచ్చారనుకోండి. ఆ డిఫాల్ట్ తయారయ్యేది ఫంక్షన్ నిర్వచించినప్పుడు, ఒక్కసారే. పిలిచిన ప్రతిసారీ కాదు. మళ్ళీ అందరికీ ఒకే లిస్టు. డిఫాల్ట్‌గా నన్ పెట్టి, లోపల 'నన్ అయితే కొత్త లిస్టు' అని రాయడం అలవాటు చేసుకోండి. ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న తరచుగా అడుగుతారు. నేనూ అడుగుతాను.

3. గల్లా పెట్టెలో చెయ్యి ఎవరు పెట్టాలి?

మా షాపులో గల్లా పెట్టెకు తాళం ఉండదు. అయినా కస్టమర్లు ఎవరూ చెయ్యి పెట్టరు. డబ్బులు నాన్న చేతికిస్తారు, నాన్న పెట్టెలో వేస్తాడు. ఎన్‌క్యాప్సులేషన్ అంటే దాదాపు ఇదే. పైథాన్‌లో పేరుకు ముందు ఒక అండర్‌స్కోర్ పెడితే 'ఇది లోపలి వస్తువు, బయటి నుంచి ముట్టుకోవద్దు' అని అర్థం. తాళం కాదు, మర్యాద. రెండు అండర్‌స్కోర్లు పెట్టినా పైథాన్ లోపల పేరు మారుస్తుందే తప్ప గట్టిగా ఆపదు.

ఎక్సర్‌సైజు: బాకీని అండర్‌స్కోర్ పేరుతో దాచండి. చదవడానికి మాత్రం ప్రాపర్టీ ఇవ్వండి. 'అప్పు_రాయి'లో మొత్తం సున్నా గానీ, మైనస్ గానీ వస్తే వాల్యూ ఎర్రర్ రైజ్ చేయండి. జమ బాకీ కన్నా ఎక్కువైతే ఏం చేయాలో మీరే నిర్ణయించండి.

ఆ చివరి ప్రశ్నకు చెల్లి ఎర్రర్ ఇచ్చేసింది. "పెదనాయినను అడుగు" అన్నాను. నాన్న చెప్పింది వేరు: "ఐదువందల నోటిచ్చి ఉంచుకో, నెలాఖరుకు చూసుకుందాం అంటరు. పైసలు వాపసిస్తమా? మన దగ్గర వాళ్ళది జమున్నట్టు రాస్త." అంటే బాకీ మైనస్ కావచ్చు, అది తప్పు కాదు. కంప్యూటర్ పుస్తకంలో దొరకని రూల్ ఇది. క్లాస్ రాసే ముందు ఆ పని చేసే మనిషిని అడగడం కూడా ప్రోగ్రామింగే.

4. ముగ్గురికి మూడు రకాల జీతం

మా చిన్నమ్మ కుట్టు పని చేస్తుంది. గుండ్లపోచంపల్లిలో అపారెల్ పార్కు ఉంది కాబట్టి మా చుట్టుపక్కల ఇళ్ళల్లో ఈ పని చాలామందికి తెలుసు. జీతం లెక్కలు అందరికీ ఒకటి కావు. ఇన్‌హెరిటెన్స్‌కు కుక్కాపిల్లీ కన్నా ఇది వంద రెట్లు నయం.

ఎక్సర్‌సైజు: 'ఉద్యోగి' అనే బేస్ క్లాస్. అందులో పేరు, 'జీతం' అనే మెథడ్. బేస్‌లో ఆ మెథడ్ లెక్క చెప్పకూడదు, నాట్ ఇంప్లిమెంటెడ్ ఎర్రర్ ఇవ్వాలి. దాని నుంచి మూడు క్లాసులు తీయండి: నెల జీతం, రోజు కూలి, పీస్ రేటు. ప్రతిదానిలో ఇనిట్ రాస్తూ సూపర్‌తో బేస్ ఇనిట్‌ను పిలవండి, లేకపోతే పేరు సెట్ కాదు. ఊరికే లెక్క కోసం అనుకున్న అంకెలు: ఒకరికి నెలకు 15,000. ఒకరికి రోజుకు 600 చొప్పున 24 రోజులు. ఒకరికి పీసుకు 4 రూపాయల చొప్పున 3,200 పీసులు. ముగ్గురినీ ఒక లిస్టులో వేసి, ఒక్క ఫర్ లూప్‌తో మొత్తం తీయండి. 42,200 రావాలి.

ఆ లూప్‌లో ఎక్కడా 'ఇది పీస్ రేటా? అయితే ఇలా' అనే ఇఫ్ ఉండకూడదు. లూప్ "నీ జీతం ఎంత?" అని అడుగుతుంది, ఎవరి లెక్క వాళ్ళు చెప్తారు. పాలిమార్ఫిజం అనే పెద్ద మాటకు అర్థం ఇంతే.

తర్వాత అసలు పరీక్ష: 'ఓవర్‌టైమ్ ఉన్న రోజు కూలి' అని నాలుగో రకం కలపండి. లూప్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకుండా పనిచేస్తే మీరు పాసయినట్టే. లూప్ మార్చాల్సి వస్తే మళ్ళీ మొదటికి.

ఇది చేస్తున్నప్పుడు చిన్నమ్మ ఫోన్ చేసింది. చెల్లి స్పీకర్‌లో పెట్టి తన ప్రోగ్రాం గురించి చెప్పింది. "నా లెక్క కూడా అండ్ల వస్తదా?" అని చిన్నమ్మ అడిగింది. చెల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వస్తదమ్మా" అంది.

5. రైలులో స్టేషన్ ఉండదు

ఇన్‌హెరిటెన్స్ వచ్చాక అందరికీ ఒక జబ్బు పట్టుకుంటుంది. కనపడిన ప్రతిదాన్నీ ఇంకోదాని నుంచి తీస్తారు. చెల్లి 'షాపు' క్లాస్‌ను 'ఖాతా' నుంచి ఇన్‌హెరిట్ చేసింది. "షాపు ఒక ఖాతానా?" అని అడిగాను. కాదు. షాపు దగ్గర ఖాతాలు ఉంటాయి. 'ఇది కూడా అదే' అనగలిగితే ఇన్‌హెరిటెన్స్. 'దీని దగ్గర అవి ఉన్నాయి' అంటే కంపోజిషన్. ఈ రెండు వాక్యాలు పైకి చదివి చూస్తే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

ఎక్సర్‌సైజు: మా ఎంఎంటీఎస్. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వైపు సర్వీసులు 2023 ఏప్రిల్‌లో మొదలయ్యాయి, మా ఊరి స్టేషన్ ఆ దారిలోనే ఉంది. 'స్టేషన్' ఒక క్లాస్. 'రూటు' ఇంకో క్లాస్, దాని దగ్గర స్టేషన్ల లిస్టు. సికింద్రాబాద్, మల్కాజిగిరి, అల్వాల్, బొల్లారం, గుండ్లపోచంపల్లి, మేడ్చల్ వేయండి, మధ్యలోవి తెలిసినవాళ్ళు నింపుకోండి. రెండు పేర్లు ఇస్తే మధ్యలో ఎన్ని స్టాపులో చెప్పే మెథడ్ రాయండి. వెనక్కి వచ్చేటప్పుడు కూడా పనిచేయాలి. అంటే అల్వాల్ నుంచి మేడ్చల్‌కు ఎంతో మేడ్చల్ నుంచి అల్వాల్‌కూ అంతే. లిస్టులో లేని స్టేషన్ ఇస్తే అర్థమయ్యే మాటల్లో ఎర్రర్ రావాలి.

ఇంకొంచెం ఉత్సాహం ఉంటే లెన్, ఐటర్ అనే ప్రత్యేక మెథడ్స్ రాయండి. ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లు. అప్పుడు మీ రూటును మామూలు లిస్టులా ఫర్ లూప్‌లో తిప్పుకోవచ్చు.

6. ఇద్దరు ఒకే పేరువాళ్ళు

మా ఖాతా పుస్తకంలో ఒకే పేరు మీద నాలుగు పేజీలున్నాయి. నాన్న పక్కన 'టైలర్', 'మూడో ఫ్లోర్' అని రాసుకుంటాడు. పైథాన్‌ను రెండు ఆబ్జెక్టులు ఒకటేనా అని అడిగితే, మనం ఏమీ చెప్పకపోతే, రెండూ మెమరీలో అచ్చంగా అదే వస్తువా కాదా అని మాత్రమే చూస్తుంది. ఒకే పేరు, ఒకే నంబర్‌తో రెండుసార్లు తెరిచిన ఖాతాలు వేరే అంటుంది.

ఎక్సర్‌సైజు: ఖాతాకు ఫోన్ నంబర్ కలపండి. ఈక్యూ మెథడ్ రాసి, ఫోన్ నంబర్ ఒకటైతే ఒకే మనిషి అని చెప్పండి. ఆ తర్వాత ఖాతాలను ఒక సెట్‌లో వేసి చూడండి. టైప్ ఎర్రర్ వస్తుంది. ఈక్యూ రాసి హ్యాష్ రాయకపోతే పైథాన్ 3 ఆ ఆబ్జెక్టును సెట్‌లోకి రానివ్వదు. హ్యాష్ కూడా ఫోన్ నంబర్ మీదే రాయండి. ఇక ఎస్‌టీఆర్ మెథడ్ రాస్తే, ప్రింట్ చేసినప్పుడు మెమరీ అడ్రస్ బదులు 'టైలర్ అన్న, బాకీ 340' అని వస్తుంది. చిన్న పనే, కానీ నాన్న లాంటివాళ్ళకు చూపించాలంటే ఇదే ముఖ్యం.

ఇవన్నీ చేతితో రాశాక డేటాక్లాస్ చూడండి. 2018లో పైథాన్ 3.7తో వచ్చింది. ఇనిట్, రెప్ర్, ఈక్యూ అదే రాసిపెడుతుంది. ముందే అది వాడితే లోపల ఏం జరుగుతుందో తెలియదు. చేత్తో ఒకసారి రాసి, తర్వాత దానికి అప్పజెప్పండి.

ఆరూ అయ్యాక చెల్లి ఒక మంచి ప్రశ్న అడిగింది: "ఇవన్నీ ఫంక్షన్లతో కూడా రాయొచ్చు కదా, క్లాసులు ఎందుకు పుట్టినయ్?" రాయొచ్చు. చిన్న పనికి ఫంక్షనే నయం కూడా. కానీ ఈ ఆలోచన పుట్టిన చోటు తెలుసుకుంటే జవాబు దొరుకుతుంది. 1960లలో నార్వేలోని ఓస్లోలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు నిజ జీవితంలోని వ్యవహారాలను కంప్యూటర్‌లో నడిపి చూడాలనుకున్నారు. క్యూలో నిలబడే మనుషులు, ఒకరి తర్వాత ఒకరికి జరిగే పనులు. అలాంటి లోకాన్ని రాయడానికి ఒక్కో మనిషికీ, వస్తువుకూ తన సమాచారం తన దగ్గరే ఉండాలి. అలా వచ్చిన సిమ్యులా 67లో క్లాసులు, ఆబ్జెక్టులు, ఇన్‌హెరిటెన్స్ ఉన్నాయి. వాళ్ళిద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. గీడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో మొదలుపెట్టి 1991లో బయటపెట్టిన పైథాన్‌లో క్లాసులు మొదటి నుంచే ఉన్నాయి. అంటే ఆబ్జెక్టులు పుట్టింది కుక్క కోసం కాదు, మన షాపు కౌంటర్ ముందుండే క్యూ లాంటివాటి కోసమే.

ఇంకో మాట. "ఇవన్నీ చాట్‌జీపీటీని అడిగితే పది సెకన్లలో రాసిస్తుంది కదా" అనేవాళ్ళున్నారు. రాసిస్తుంది. నేనూ ఆఫీసులో వాడతాను. కానీ మా వెనక వీధి అక్కకు చూపించిన 2,185 తప్పని పట్టుకోవాలంటే నాకు తెలిసి ఉండాలి. కాబట్టి ఒక నియమం పెట్టుకోండి. ముందు మీది మీరు రాయండి, ఎంత వంకరగా వచ్చినా సరే. తర్వాత దాన్ని అడగండి: "ఇందులో తప్పులు చూపించు, కోడ్ మాత్రం రాయకు." రోజుకు ఒక్కటి చాలు, నలభై నిమిషాలు. అతుక్కుపోతే ఇరవై నిమిషాలు కుస్తీ పట్టి, లేచి టీ తాగి రండి.

ప్రతి ఎక్సర్‌సైజు చివర మూడు అసర్ట్ లైన్లు రాయడం మర్చిపోకండి. అందులో ఒకటి తప్పకుండా ఇద్దరు మనుషులతో ఉండాలి. ఎందుకో మీకు తెలుసు.

గురువారం రాత్రి చెల్లి తన ఖాతా ప్రోగ్రాం నాన్నకు చూపించింది. నాన్న కళ్ళజోడు పైకి జరుపుకుని ముగ్గురి పేర్లు నొక్కి చూశాడు. మూడు వేరే వేరే అంకెలు. పుస్తకం తెరిచి పోల్చాడు. కలిశాయి.

"ఏం చేసినవ్ బిడ్డా, అప్పుడు వీడు చేసినప్పుడు కలవలే?"

"ఎవరి లిస్టు వాళ్ళకిచ్చిన పెదనాయినా."

"అంతే గదా. ఎవరి పేజీ వాళ్ళదే. ఇరవై ఏండ్లల్ల నేను పేజీలు ఎన్నడు కలపలే."

నా వైపు చూడలేదు. చూడకపోయినా నాకు తగిలింది. తర్వాత ఆయనే అన్నాడు: "ముగ్గురివి పెట్టుర్రి. మూడు నెలలు పుస్తకంల కూడ రాస్త. రెండు కలుస్తుంటే అప్పుడు చూద్దాం." ఆఫీసులో పాత సిస్టమ్, కొత్త సిస్టమ్ పక్కపక్కనే నడిపి సరిచూసుకోవడానికి మేం పెద్ద ప్లాన్ రాసుకుంటాం. నాన్న ఒక్క వాక్యంలో చెప్పాడు.

చెల్లికి వచ్చే శుక్రవారం ఇంకో ఇంటర్వ్యూ. వస్తుందో రాదో నాకు తెలియదు. కానీ ఈసారి 'ఒక షాపు తీసుకో' అంటే తను కుక్క దగ్గరికి వెళ్ళదు.

ఈ వారం మీ హోంవర్క్: మీ ఇంట్లో ఎవరో ఒకరు చేసే పని తీసుకోండి. అమ్మ చిట్టీ, నాన్న ఆటో, అక్క టైలరింగ్, తాత పాల లెక్క. వాళ్ళ దగ్గర పది నిమిషాలు కూర్చుని, లెక్క ఎలా వేస్తారో అడిగి, మూడు క్లాసులు రాయండి. ఆ పది నిమిషాలు మాత్రం ఎగ్గొట్టొద్దు. జమ బాకీ కన్నా ఎక్కువైతే ఏం చేయాలో మీకు చెప్పేది వాళ్ళే.